హ్యూమన్ జెనెటిక్స్: వైజాగ్ పోయేదా, తిరుపతిలోనే ఉండేదా?

మా అక్క కూతురు బీఎస్సీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. "చిన్నమ్మా, నాకు హ్యూమన్ జెనెటిక్సే కావాల. వైజాగ్ పోయేదా, ఈడనే ఏదో ఒక ఎమ్మెస్సీలో చేరేదా?" అని నెల రోజులుగా నా ప్రాణం తోడేస్తోంది. డిగ్రీ పిల్లలకు జువాలజీ చెప్పుకునేదాన్ని కదా, నేను తేల్చేస్తానని దాని ఆశ.

వైజాగ్ అంటే ఆంధ్రా యూనివర్సిటీ. అక్కడ హ్యూమన్ జెనెటిక్స్‌కు విడిగా ఒక విభాగమే ఉంది. మన తిరుపతిలో 1954లో పెట్టిన శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ, అదే ఎస్వీయూలో జువాలజీ, బయోటెక్నాలజీ, ఆంత్రోపాలజీ (మానవ శాస్త్రం) ఉన్నాయి. ఆడపిల్ల కాబట్టి 1983లో మొదలైన పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం కూడా లెక్కలోకి వస్తుంది. ఎక్కడికైనా ఏపీ పీజీసెట్ రాయాల్సిందే. హైదరాబాద్‌లో ఉస్మానియా కూడా ఉంది గానీ, అది వేరే రాష్ట్రం, వేరే ఎంట్రెన్స్; ఆ మాట పక్కన పెట్టాం.

బయోటెక్నాలజీలో మొక్కలు, సూక్ష్మజీవులు, ఎంజైములు అన్నీ చుట్టి వచ్చేసరికి మనిషికి మిగిలేది మామూలుగా ఒకటి రెండు పేపర్లే. హ్యూమన్ జెనెటిక్స్‌లో మనిషే సిలబస్. అసలు తేడా ల్యాబ్‌లో తెలుస్తుంది. క్రోమోజోములు, అంటే కణంలో జన్యువులను మోసే పోగులు చూడాలంటే ఏం చేస్తారో చెబుతా. కాస్త రక్తం తీసి, అందులోని తెల్లకణాలు విభజన మొదలుపెట్టడానికి రాజ్మా గింజల్లో దొరికే ఒక ప్రొటీన్ కలుపుతారు. 37 డిగ్రీల వెచ్చదనంలో సుమారు 72 గంటలు పెంచుతారు. విభజన సగంలో ఉండగా కాల్చిసిన్ అనే మందు వేసి ఆపేస్తారు. కణాలను ఉబ్బించి, స్లైడ్ మీద పైనుంచి చుక్కలు వదిలి, రంగు పట్టించి చూస్తే 46 క్రోమోజోములు విడివిడిగా కనిపించాలి. మొదటి పది స్లైడ్లలో కనిపించవు, కుప్పగా పడుంటాయి. దోసె తిరగేయడం లాగే ఇది కూడా చేతికి రావాల్సిన పని. ల్యాబ్ ఉద్యోగమే కావాలంటే ఇది చేతులారా చేయించే చోటికి పోవాలి, రాత్రంతా రైల్లో కూర్చోవాల్సి వచ్చినా సరే. చేరే ముందు సీనియర్లను ఒక్క ప్రశ్న అడగమన్నా: "మీరు సొంతంగా ఎన్ని స్లైడ్లు వేశారు?"

లెక్చరర్ అవ్వాలంటే కథ వేరు. లెక్చరర్ అర్హతకు పెట్టే లైఫ్ సైన్సెస్ నెట్ పరీక్ష ఈ ఎమ్మెస్సీల్లో ఏది చేసినా రాయొచ్చు. పోస్టుల నోటిఫికేషన్లో మాత్రం జువాలజీ అని ఉంటే హ్యూమన్ జెనెటిక్స్ పట్టా చెల్లుతుందా లేదా అని తిరగాల్సి రావచ్చు. అప్పుడు ఇంటి దగ్గర జువాలజీయే నయం, హాస్టల్ ఖర్చూ తప్పుతుంది.

ఇక ఎవరూ పట్టించుకోని ఆంత్రోపాలజీ. నా మనసు దీని మీదే ఎక్కువ, ముందే ఒప్పుకుంటా. చిత్తూరు వైపు మేనరికాలు ఎన్ని! మేనమామకూ మేనకోడలికీ సగటున నాలుగో వంతు జన్యువులు ఉమ్మడి. మేనత్త కొడుక్కీ మేనమామ కూతురికీ ఎనిమిదో వంతు. ఒకే పూర్వీకుడి నుంచి వచ్చిన దాగిన లోపం ఇద్దరిలోనూ ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఆ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. మేనరికం చేసుకున్న వాళ్ల పిల్లలందరికీ జబ్బులు వస్తాయని కాదు, ఎక్కువమంది బాగానే ఉంటారు. కానీ ఇంటింటికీ పోయి వంశవృక్షం రాయడం, ముసలివాళ్ల చేత చెప్పించడం నేర్చుకోవాలంటే మనూళ్లకు మించిన చోటుందా?

ఎటూ తేలేలోపు ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ పాఠాల సైటులో ఐఐటీ కాన్పూర్ వాళ్ల హ్యూమన్ మాలిక్యులర్ జెనెటిక్స్ వినమన్నా. వినడం ఉచితం, పరీక్ష రాస్తేనే ఫీజు. స్లైడ్ వేయడం రాదు గానీ, సబ్జెక్టు మీద ఇష్టం నిజమో మోజో నాలుగు వారాల్లో బయటపడుతుంది.

దానికి నా తీర్పు వైజాగే, ఎందుకంటే పాఠం చెప్పే ఓపిక దానికి లేదు, మైక్రోస్కోప్ ముందు మాత్రం తిండి మరిచిపోతుంది. నిన్న మా ఇంటి వంశవృక్షం గీస్తూ కూర్చుంది. మగవాళ్లకు చదరం, ఆడవాళ్లకు గుండ్రం, దగ్గరి చుట్టాల పెళ్లికి జంట గీత. మూడు తరాలు గీసేసరికి పెన్సిల్ ఆపి, "చిన్నమ్మా, అన్నీ జంట గీతలే వస్తా ఉండాయే!" అనింది.