బ్రేకింగ్ డాన్: పుస్తకం చదవాలా, సినిమా చూడాలా, ఎక్లిప్స్‌తోనే ఆపేయాలా?

ట్వైలైట్ అనే వాంపైర్ ప్రేమకథల వరసలో ఎక్లిప్స్ దాకా మూడు నవలలు చదివేసి, నాలుగోదైన బ్రేకింగ్ డాన్ దగ్గర తటపటాయిస్తున్నవాళ్ల కోసం ఇది. ముగింపు బయటపెట్టకుండా జవాబు చెప్పడం కుదరదు. తెలియకూడదనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోండి.

స్టెఫెనీ మేయర్ రాసిన బ్రేకింగ్ డాన్ 2008 ఆగస్టు 2న వచ్చింది. ఒక్క అమెరికాలోనే తొలిరోజు 13 లక్షల కాపీలు అమ్ముడయ్యాయి. ఆ వెంటనే, కొన్న పుస్తకాన్ని షాపుకి తిరిగిచ్చేద్దాం రండని అభిమానుల్లోనే కొందరు పిలుపునిచ్చారు. అంత కోపం ఊరికే రాలేదు. వాంపైర్ ఎడ్వర్డ్‌ని ప్రేమించిన మామూలు అమ్మాయి బెల్లా తానూ వాంపైర్‌గా మారాలంటే చాలా వదులుకోవాలని మూడు పుస్తకాల పాటు మనల్ని నమ్మించారు. పిల్లలు పుట్టరన్నారు, పాప పుట్టింది. తండ్రి చార్లీ దూరమవుతాడన్నారు, ఆయన ఇంటికి వచ్చిపోతూనే ఉన్నాడు. కొత్త వాంపైర్‌కి రక్తదాహం పట్టపగ్గాల్లేకుండా ఉంటుందన్నారు, ఈవిడ మొదటి వేటలోనే మనిషి వాసన తగిలినా వెనక్కి తిరిగేసింది. బెల్లాని ప్రేమించిన, తోడేలుగా మారగల జేకబ్ గుండె పగులుతుందనుకుంటే, పురిటి పాపతోనే అతనికి విడదీయలేని బంధం వేసేశారు. ఎన్నికల ముందు రుణమాఫీలా బాకీలన్నీ ఒక్క సంతకంతో రద్దు.

పతాక సన్నివేశమూ అంతే. ఆ పాప ప్రమాదమని, వాంపైర్లను ఏలే వోల్టూరి పెద్దలు దండు కట్టుకుని మంచు మీద నడిచొస్తారు. ప్రపంచం నలుమూలల నుంచి పాప తరఫున సాక్షులొస్తారు. వందల పేజీల సన్నాహం తర్వాత జరిగేది సంభాషణ. ఐరీనా అనే ఒక్క వాంపైర్ తప్ప ఎవరూ చావరు. బెల్లా తన శక్తితో అందరికీ కవచం కడుతుంది, సగం మనిషి, సగం వాంపైర్ అయిన నహుయెల్ వచ్చి తనలాంటి సగం మనుషులవల్ల ప్రమాదం లేదని రుజువు చేస్తాడు, వోల్టూరి ఇంటిదారి పడతారు. ఇది మేయర్ కావాలనే చేసింది. ఎడ్వర్డ్ కుటుంబంలోని ఆలిస్ వదిలివెళ్లిన చీటీ షేక్‌స్పియర్ ‘మర్చంట్ ఆఫ్ వెనిస్’ నుంచి చించిన కాగితం మీదే ఉంటుంది. కత్తి దూయకుండా వాదనతో గెలిచే కోర్టు సీను ఆవిడ మనసులో ఉంది. ఆలోచన చెడ్డదేం కాదు. కాకపోతే ఆ నాటకంలో ఓడిన వడ్డీ వ్యాపారి షైలాక్ ఆస్తీ మతమూ రెండూ పోగొట్టుకుంటాడు. ఇక్కడ ఓడినవాళ్లకు పరువు తప్ప ఏమీ పోదు, గెలిచినవాళ్లకు అదీ పోదు.

ఇక సినిమా. బిల్ కాండన్ దర్శకత్వంలో రెండు భాగాలుగా 2011, 2012 నవంబర్లలో వచ్చింది. మొదటి భాగంలో పెళ్లీ హనీమూనూ సాగదీశారు, దాని గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. అసలు విషయం రెండో భాగం చివర్లో ఉంది. ఎడ్వర్డ్‌కి తండ్రిలాంటి కార్లైల్ తల తెగిపడుతుంది. తర్వాత అదే ఇంటి జాస్పర్, తోడేళ్ల గుంపులోని సెత్, లియా. ఆఖరికి వోల్టూరి నాయకుడు ఆరో. పుస్తకం చదివొచ్చినవాళ్లకే ఎక్కువ షాకు. అంతా అయ్యాక తెలుస్తుంది, అది ఆలిస్ తన చేతి స్పర్శతో ఆరోకి చూపించిన భవిష్యత్తు మాత్రమేనని. ఆలిస్‌కి జరగబోయేది కనిపిస్తుంది, ఆరో ముట్టుకుంటే అవతలివాళ్ల మనసు మొత్తం చదివేస్తాడు. ఈ రెండు శక్తులూ పుస్తకంలోనే ఉన్నాయి. బెల్లా నోటితో కథ చెప్పించడం వల్ల నవలకి ఆ దారి అందలేదు, మెలిస్సా రోజెన్‌బర్గ్ రాసిన స్క్రిప్టుకి అందింది.

పట్టి చూసేవాళ్లకు ఇందులో ఒక బొక్క కనిపిస్తుంది. నవలల లెక్క ప్రకారం జేకబ్‌లాంటి తోడేళ్లున్న భవిష్యత్తు ఆలిస్‌కి కనపడకూడదు, ఇక్కడేమో తోడేళ్లు చక్కగా పోరాడతాయి. పైగా సినిమా కూడా చివరికి పోయినవాళ్లందరినీ తిరిగిచ్చేస్తుంది. అయినా ఆ కొద్ది నిమిషాలు భయం నిజం. ముగింపు వరకు నా ఓటు సినిమాకే. కంప్యూటర్‌తో అతికించిన బెల్లా పాప రెనెస్మీ పసి మొహాన్ని భరించగలిగితే.

అలాగని పుస్తకాన్ని పూర్తిగా పక్కన పెట్టలేం. నడిమి భాగం జేకబ్ చెబుతాడు, ఈ నవలలో ప్రాణమున్నది అక్కడే. తోడేళ్ల గుంపులో ఒకరి ఆలోచన అందరి తలల్లోనూ వినపడుతుంది, అసూయ కూడా దాచుకోలేరు. అక్కణ్ణించి జేకబ్ తెగదెంపులు చేసుకుని బయటికొస్తే వెనకాలే వచ్చేవాళ్లలో లియా ఉంటుంది. ఆవిడ కసీ, జేకబ్ వెటకారమూ పక్కపక్కన నడుస్తుంటే పేజీలు తెలియకుండా తిరుగుతాయి. సినిమాలో తోడేళ్ల మీద గొంతులు అతికిస్తే నవ్వొస్తుంది తప్ప ఆ ఉక్కిరిబిక్కిరి రాదు. కాన్పు సీను కూడా పుస్తకంలోనే దడ పుట్టిస్తుంది.

మూడో దారి, ఎక్లిప్స్‌తో ఆపేయడం. బెల్లా ఎంపిక అక్కడే తేలిపోయింది. చివర్లో పెళ్లి శుభలేఖ అందుకున్న జేకబ్ తోడేలై అడవిలోకి పరుగెత్తడంతో ఆ నవల ముగుస్తుంది. ఒకరికి దక్కింది, ఇంకొకరికి పోయింది. జేకబ్ పక్షం వాళ్లకి ఇంతకన్నా మంచి ముగింపు ఈ వరసలో దొరకదు.

నన్నడిగితే ఎక్లిప్స్ పూర్తిచేసి కొన్నాళ్లు ఊరుకోండి. బెల్లా వాంపైర్ అయిందో లేదో తెలుసుకోకుండా నిద్రపట్టకపోతే, బ్రేకింగ్ డాన్‌లో జేకబ్ భాగం వరకు చదివి, మిగతాది సినిమా రెండో భాగంలో చూసేయండి. జేకబ్ భాగం ఆఖర్న అతను పాపను చంపాలని మెట్లు దిగుతాడు. అతను కిందికి చేరేలోపే పుస్తకం మూసేయండి.