ట్రెపిజాయిడ్ బల్లలు, విడి కుర్చీలు: బడి కోసం కొనే సెట్‌పై సమీక్ష

సీటూ బల్లా కలిపి ఇద్దరికి చేసిన డ్యూయల్ డెస్కుల స్థానంలో ట్రెపిజాయిడ్ బల్లలు వేయించాలనుకునే బడుల కోసం ఈ సమీక్ష. హైదరాబాద్‌లో జీడిమెట్ల, చర్లపల్లి వైపు షెడ్లలో ఆర్డర్ మీద చేసిచ్చే మామూలు సెట్‌ను తీసుకుందాం. పొడుగు అంచు 1200 మి.మీ., మిగతా మూడు అంచులూ 600 మి.మీ. చొప్పున ఉంటాయి. లోతు 520 మి.మీ. పొడుగు అంచు వెంట ఇద్దరు కూర్చుంటారు. రెండు బల్లల పొడుగు అంచులు ఆనిస్తే షడ్భుజి అవుతుంది, చుట్టూ ఆరుగురు పడతారు. కుర్చీలు విడిగా వస్తాయి. వరస, గుంపు, సగం వలయం, ఏది కావాలన్నా పిల్లలే రెండు మూడు నిమిషాల్లో మార్చుకోవచ్చు. మా మాట ముందే చెబుతున్నాం: కొనదగ్గ సరుకే, కానీ కేటలాగులో ఉన్నది ఉన్నట్టు మాత్రం కొనవద్దు. ఎత్తు, ఫ్రేము, అంచులు, చక్రాలు ఎలా ఉండాలో ఆర్డర్‌లో రాయించుకోకపోతే ఏడాదిలోనే ఆ బల్లలు మళ్లీ వరసల్లో పాతుకుపోతాయి.

ముందు డ్యూయల్ డెస్కుకు దక్కాల్సిన మర్యాద దక్కాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబర్ 14న మొదలైన మనబడి నాడు–నేడులోనూ, తెలంగాణలో 2022లో వచ్చిన మన ఊరు–మన బడిలోనూ సర్కారు బడులకు చేరింది ఇదే. నేల మీద కూర్చున్న పిల్లలకు అది నిజంగా పెద్ద మార్పు. గట్టిగా ఉంటుంది, తక్కువ చోటులో ఎక్కువ మందికి సరిపోతుంది. అయితే అందులో సీటుకీ బల్లకీ మధ్య దూరం వెల్డింగ్‌తోనే ఖాయమైపోతుంది. లావుగా ఉన్న పిల్లవాడికి పొట్ట ఆనుతుంది, సన్నగా ఉన్నవాడు ముందుకు వంగి రాస్తాడు. కాలిపర్స్ (కాలికి ఊతంగా కట్టే చట్రం) వేసుకున్న పిల్ల మోకాలు లాక్ తీయకుండా లోపలికి కాలు పెట్టలేదు. వీల్‌చెయిర్ అసలు దూరదు, కాబట్టి ఆ పిల్లను డెస్కు చివర దారిలో కూర్చోబెడతారు. తెలంగాణలో తొలిమెట్టు లాంటి పునాది చదువు కార్యక్రమాల్లో పిల్లల స్థాయిని బట్టి గుంపులు మార్చాల్సి వస్తుంది. డ్యూయల్ డెస్కులతో అది చేయాలంటే ఇద్దరు టీచర్లు కలిసి డెస్కులు ఈడ్చాలి.

ఇక లెక్క. ఎక్కువ బడులు తప్పేది ఇక్కడే. ముప్పై మందికి ఐదు షడ్భుజాలు చాలు కదా అని పది బల్లలు ఆర్డర్ చేస్తారు. గుంపులుగా కూర్చున్నన్నాళ్లూ ఇబ్బంది తెలియదు. పరీక్ష రోజున వరసలు వేస్తే బల్లకు ఇద్దరు చొప్పున ఇరవై మందికే చోటు ఉంటుంది. ముప్పై మందికి పదిహేను బల్లలు తప్పవు. గుంపుల రోజున మిగిలే ఐదింటిని గోడకు ఆనించి పుస్తకాలకో, సైన్సు సామానుకో, కంప్యూటర్‌కో వాడుకోవచ్చు. అందుకు గది సరిపోవాలి మరి. కుర్చీలు వెనక్కి లాగినప్పుడు ఒక్కో షడ్భుజి చుట్టూ సుమారు 2.6 మీటర్ల చోటు పోతుంది. 20×20 అడుగుల గది అంటే 6.1 మీటర్ల చదరం. అందులో అటు రెండు, ఇటు రెండు వేస్తే 5.2 మీటర్లు పోయి దారికి మిగిలేది 0.9 మీటరే. వరసలు వేసినా అంతే, ఒక్కో వరసకు కుర్చీతో కలిపి 1.27 మీటర్లు కావాలి, నాలుగు వరసలకే గది నిండుతుంది. కాబట్టి 20×20 గదిలో ఈ సెట్ 24 మందికి మించి వేయవద్దు. అక్కడ కూడా గుంపుల రోజున మిగిలే నాలుగు బల్లలు వరండాలోకి పోవాల్సిందే. ముప్పై మంది ఉంటే 30×20 గది కావాలి. ఆ గది లేకపోతే, ఎంత మనసైనా సరే, డ్యూయల్ డెస్కులు కొన్ని ఉంచుకుని సగం గదికే ఇవి వేయడం మంచిది.

ఎత్తు విషయం కొంచెం వివరంగా చెప్పాలి. మామూలుగా షెడ్డువాళ్లు 'పెద్ద సైజు 750, చిన్న సైజు 600' అని రెండే చెబుతారు. 750 మి.మీ. బల్ల పెద్దవాళ్లది. దాని ముందు నాలుగో తరగతి పిల్ల భుజాలు ఎత్తి రాస్తుంది, అరగంటకే మెడ వాలుస్తుంది. యూరప్‌లో బడి కుర్చీలు, బల్లలకు ఈఎన్ 1729 అనే ప్రమాణం ఉంది. కొలతలకు అది మంచి దారి చూపిస్తుంది. 3వ సైజు కుర్చీ 350 మి.మీ., బల్ల 590. 4వ సైజు కుర్చీ 380, బల్ల 640. 5వ సైజు కుర్చీ 430, బల్ల 710. 6వ సైజు కుర్చీ 460, బల్ల 760. 3వ సైజు సుమారు 119 నుంచి 142 సెం.మీ. పొడవున్న పిల్లలకు, 4వది 133 నుంచి 159 సెం.మీ. వాళ్లకు. ఒకే తరగతిలో ఈ రెండు సైజుల పిల్లలూ ఉంటారు. అందుకే 'నాలుగో తరగతికి ఒక సైజు' అని ఆర్డర్ ఇవ్వకూడదు. పిల్లలందరినీ ఒకపూట నిలబెట్టి కొలవండి, ఏ సైజుకు ఎందరో తేలాక ఆర్డర్ రాయండి. మన బడుల్లో చాలాచోట్ల చెప్పులు గుమ్మం బయటే విడుస్తారు కాబట్టి ఒట్టి కాళ్లతోనే కొలవాలి. బూట్లతో తీసిన కొలతకు కుర్చీ చేయిస్తే తరగతిలో పాదాలు నేలకు ఆనవు. కూర్చోబెట్టి చూసే పద్ధతీ తేలికే. పాదం మొత్తం నేలకు ఆనాలి, సీటు ముందంచుకీ మోకాలి వెనకకీ మధ్య రెండు వేళ్లు పట్టాలి, చేతులు వదిలేసి మడిస్తే మోచేయి బల్ల పైభాగానికి దాదాపు సమంగా రావాలి.

వీల్‌చెయిర్ పిల్లల కోసం కేటలాగులో 'ఇన్‌క్లూజివ్ టేబుల్' అని ఒకటి వేరే రంగులో, ముందు అర్ధచంద్రాకారంగా కోసి, ఎక్కువ ధరకు చూపిస్తారు. మా సలహా అది వద్దు. దాని అంచు మరే బల్లతోనూ కలవదు, కాబట్టి గుంపు వేసిన ప్రతిసారీ అది విడిగా మిగిలిపోతుంది, దానితోపాటు ఆ పిల్ల కూడా. అందరి బల్ల లాంటిదే, అదే రంగు, అదే ఆకారంలో ఎత్తు మార్చగలిగేవి రెండు చేయించండి. ఒకటి కాదు, రెండు. షడ్భుజికి రెండు బల్లలు కావాలి, ఒకటి 640లో, వీల్‌చెయిర్ కోసం ఎత్తినది 700లో ఉంటే మధ్యలో మెట్టు వస్తుంది. రెండూ ఎత్తు మారేవైతే ఆ గుంపు మొత్తం ఒకే ఎత్తులో కూర్చుంటుంది. మిగతా పిల్లలకు అప్పుడు 430 కుర్చీలు వేసి, కాళ్ల కింద 50 మి.మీ. చెక్కపీటలు పెడితే చాలు.

ఎత్తు మార్చే కాళ్లు పైపులో పైపుగా ఉంటాయి, బయటది 30 మి.మీ., లోపలిది 25. రంధ్రాలు బల్ల ఏ ఎత్తు దగ్గర మొదలవుతాయో తప్పక అడగండి. 580 నుంచి మొదలై 30 మి.మీ.కొకటి పడితే 640, 700, 760 మూడూ దొరుకుతాయి. 590 నుంచి మొదలైతే 620 తర్వాత 650 వస్తుంది, పక్కనున్న 640 బల్లతో ఎప్పటికీ కలవదు. బోల్టులు జింక్ పూత ఉన్నవి కావాలి. నల్ల బోల్టులు నేల తుడిచే తడికి తుప్పు పట్టి పైపులో బిగుసుకుపోతాయి, ఆపైన ఆ బల్ల మామూలు బల్లే. ఆ బోల్టులు తిప్పే అలెన్ కీని బల్ల కింద చిన్న క్లిప్పుకు తగిలించమనండి, ఆఫీసు బీరువాలో పెడితే ఎవరూ ఎత్తు మార్చరు.

బల్ల పైకి ఎంత లేచినా కింద అడ్డుంటే లాభం లేదు. ఫ్రేము గట్టిదనం కోసం ముందు కాళ్ల మధ్య నేలకు 150 మి.మీ. ఎత్తున ఒక అడ్డపైపు వేస్తారు. వీల్‌చెయిర్ ఫుట్‌రెస్ట్ సరిగ్గా దానికే తగులుతుంది. ఆ పైపును పొట్టి అంచు వైపుకు జరపమని చెప్పాలి. 18 మి.మీ. పలక కింద ఫ్రేముకు 50 మి.మీ. పైపు నిలువుగా వేస్తే 640 బల్ల కింద మిగిలేది 572 మి.మీ. ఖాళీ. 25 మి.మీ. పైపు వేస్తే 597. పెద్దవాళ్ల కొలతతో చూస్తే మోకాళ్లకు 700 మి.మీ. ఎత్తు కావాలి, చిన్నపిల్లల కుర్చీకి అంత అక్కర్లేదు. ఊహించకుండా ఆ పిల్ల కుర్చీనే కొలవండి: నేల నుంచి కుర్చీ చేతుల పైభాగం దాకా ఎంతుందో చూసి 25 మి.మీ. కలిపితే బల్ల కింద ఉండాల్సిన ఖాళీ అదే. సమగ్ర శిక్ష శిబిరాల్లో అలిమ్‌కో సంస్థ సీపీ కుర్చీ (సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల కుర్చీ) వచ్చే పిల్లలుంటే ఆ కుర్చీ చేతికి వచ్చాకే బల్ల కొలత ఖాయం చేయాలి. మండలంలో ప్రత్యేక అవసరాల పిల్లల భవిత కేంద్రం ఉంటే అక్కడి ఐఈఆర్‌పీని (ఆ పిల్లలకు చదువు చెప్పే రిసోర్స్ పర్సన్‌ను) కొలతల రోజున పిలవండి, ఏ పిల్లకు ఏ వైపు నుంచి ఎక్కడం సులువో వాళ్లకు తెలుస్తుంది.

ఈ సెట్ పాడయ్యేది ఎక్కువగా పలక అంచుల దగ్గర. తక్కువ కొటేషన్లన్నిటిలోనూ 25 మి.మీ. పార్టికల్ బోర్డు (చెక్కపొట్టు అదిమి చేసినది), 0.8 మి.మీ. అంచుపట్టీ ఉంటాయి. పిల్లల వాటర్ బాటిల్ ఒలికిన నీళ్లు పట్టీ అతుకులోంచి లోపలికి పోతాయి. మొదట పట్టీ వేలిగోరు పట్టేంత లేస్తుంది. ఏ పిల్లవాడైనా దాన్ని పీకకుండా ఉండలేడు. పట్టీ పోయాక బోర్డు ఉబ్బుతుంది, కింద బిగించిన స్క్రూలు పట్టు వదులుతాయి, బల్ల ఊగడం మొదలవుతుంది. 18 మి.మీ. బీడబ్ల్యూఆర్ (నీళ్లకు తట్టుకునే) ప్లై, పైన మ్యాట్ లామినేట్, 2 మి.మీ. పీవీసీ అంచు అడగండి. కింద స్క్రూలు కాకుండా ప్లైలో దించిన నట్లలోకి ఎం6 (6 మి.మీ.) బోల్టులు వేయించండి. ప్లై పలక సుమారు ఆరు కిలోలు ఉంటుంది, పార్టికల్ బోర్డుది సుమారు ఎనిమిది. పిల్లలే జరపాలంటే ఆ రెండు కిలోల తేడా లెక్కలోకి వస్తుంది. తళతళలాడే తెల్ల లామినేట్ వద్దు. దాని మీద ట్యూబ్‌లైటు మెరుపు పడి చూపు తక్కువున్న పిల్లలకు అక్షరం కనపడదు. లేత రంగు మ్యాట్ పలకకు ముదురు రంగు అంచు వేస్తే వాళ్లకు బల్ల ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. ట్రెపిజాయిడ్‌కు పొడుగు అంచు రెండు చివర్లా 60 డిగ్రీల మూలలుంటాయి. ఒకటో తరగతి పిల్లల ముఖానికి అవి సరిగ్గా ఎదురొస్తాయి. కనీసం 40 మి.మీ. వ్యాసార్ధంతో గుండ్రం చేయించాలి. బల్లలు కలిపినప్పుడు ఆ మూలల దగ్గర చిన్న ఖాళీ వస్తుంది, పెన్సిళ్లు జారతాయి. దానికి సర్దుకోవచ్చు.

ఫ్రేముకు 25 మి.మీ. చదరపు పైపు, 16 గేజ్. 18 గేజ్ పైపు ఇంకా పలచన, కాలి దగ్గర వెల్డింగ్‌లోనే చీలుతుంది. నాలుగు చక్రాల బల్ల వద్దు, బ్రేకులు వేయడం పిల్లలు మరిచిపోతారు, రాస్తుంటే బల్ల కదులుతుంది. పొట్టి అంచు వైపు రెండు కాళ్లకే చక్రాలుంటే పొడుగు అంచు కొంచెం ఎత్తి తోస్తే చాలు, దించగానే నిలబడుతుంది. టైల్స్ నేలకు 50 మి.మీ. చక్రం సరిపోతుంది. షాబాద్ బండలు, కడప బండలు ఉన్నచోట అతుకుల్లో చిన్న చక్రం ఇరుక్కుంటుంది, 75 మి.మీ. వేయించి, అవతలి కాళ్ల ఎత్తు దానికి తగ్గట్టు చేయమనాలి. బల్ల వచ్చాక 60 డిగ్రీల మూల మీద ఒక పెద్దమనిషి చేతులతో గట్టిగా బరువు వేసి చూడాలి. ఎదురుగా ఉన్న కాలు లేస్తే కాళ్లు మరీ లోపలికి పెట్టారని అర్థం, తిప్పి పంపండి.

కుర్చీల్లో పెద్దగా చెప్పేదేమీ లేదు, కాళ్ల కొసలకు వేసే రబ్బరు బుష్‌లు తప్ప. అవి ఊడితే పైపు కొస టైల్స్ మీద గీసే చప్పుడు వినికిడి యంత్రం పెట్టుకున్న పిల్లకు టీచర్ మాటను మింగేస్తుంది. పైనుంచి తొడిగేవి కాకుండా లోపల రివెట్ వేసినవి అడగండి, వందకు ఇరవై చొప్పున అదనంగా తీసుకోండి. బ్యాగులు కుర్చీ వెనక తగిలిస్తే పిల్ల లేవగానే కుర్చీ వెనక్కి పడుతుంది. బల్ల కింద కొక్కేలు, గోడకు 1200 మి.మీ. ఎత్తు మించకుండా అరలు పెట్టించాలి. గుమ్మం సంగతీ చూడండి. తలుపు తెరిస్తే 900 మి.మీ. దారి ఉండాలి, గడప రాయి లేచి ఉంటే తీయించి నేలతో సమం చేయించాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ ప్రకారం బడి భవనం పిల్లలందరికీ అందుబాటులో ఉండాల్సిందే, కాబట్టి ఈ ఖర్చును ఫర్నిచర్ ఖర్చుతో కలిపే లెక్కేయండి.

ధర దగ్గర రెండు మాటలు. కొటేషన్‌లో 18 శాతం జీఎస్‌టీ, రవాణా, బిగింపు కలిశాయా లేదా రాయించుకోండి. వారంటీలో 'ఫ్రేముకు మాత్రమే' అని ఉంటే, పాడయ్యేది పలకే కాబట్టి అది చాలదు, అంచుపట్టీ లేవడం, బోర్డు ఉబ్బడం కూడా చేర్చమనండి. మొత్తం ఆర్డర్‌కు ముందు రెండు బల్లలు, ఆరు కుర్చీలు నమూనాగా తెప్పించి, రెండు వారాలు తరగతిలోనే వాడనివ్వండి. అంచు అతుకు మీద తడిగుడ్డ రాత్రంతా ఉంచి ఉదయం వేలితో తడిమితే ఉబ్బు తెలుస్తుంది. నిలిచిన నమూనా మీద సంతకం పెట్టి ఆఫీసులో ఉంచుకోండి, లారీలో వచ్చే మిగతా సరుకును దానితోనే పోల్చి దించుకోవాలి.