కావలి నెట్ సెంటర్ – బోర్డు మీద రాయని పని
5కి 4 స్టార్లు

కావలి బస్టాండ్‌కి దగ్గర్లో చిన్న నెట్ సెంటర్ ఉండాది. బోర్డు మీద జెరాక్స్, పాన్ కార్డు, హాల్ టికెట్లు అని రాసుంటాది, నేను చెప్పేది ఆ పనుల గురించి కాదు. అమెరికాలో ఇమిగ్రేషన్ వాళ్ళు పట్టుకుపోయిన మన పిల్లలు యాడుండారో వెతికిపెట్టి, లోపల వాళ్ళ ఒంట్లో ఎట్టుందో కనిపెట్టుకోని ఉండడం ఇంట్లోవాళ్ళకి నేర్పిస్తాడు ఆ షాపు అన్న.

మా తమ్ముడు టెక్సాస్‌లో ఉండేవాడు, వీసా స్టేటస్ పోయింది. ఒకరోజు ఫోన్ ఆగిపోయింది, రూమ్మేట్ చెప్తేగానీ తెలీలేదు పట్టుకుపోయారని. వాడికి చిన్నప్పట్నుంచి షుగరు, రోజుకి నాలుగుసార్లు ఇన్సులిన్ ఏసుకోవాల. అమ్మ రెండ్రోజులు అన్నం ముట్టలా. ఒక ఏజెంట్ ఆచూకీ చెప్పడానికే 60 వేలు అడిగాడు. ఈ అన్న కాడ స్కాన్లూ ప్రింట్లూ అన్నీ కలిపి 180 రూపాయలయింది.

అమెరికా ప్రభుత్వానికి డిటైనీ లొకేటర్ అని వెబ్‌సైట్ ఉండాది. ఇమిగ్రేషన్ వాళ్ళు మనిషికిచ్చే 9 అంకెల ఎ నంబర్, పుట్టిన దేశం కొడితే మనిషి ఏ సెంటర్‌లో ఉండాడో చూపిస్తాది. నంబర్ లేకపోతే పేరు కొట్టాల, అక్షరం తేడా వచ్చినా దొరకడు. మన ఇంటిపేర్ల సంగతి తెలిసిందే కదా, ముందొకటి వెనకొకటి, అన్న విసుక్కోకుండా మార్చి మార్చి కొడతా ఉంటే ఐదోసారికి దొరికాడు. 18 ఏళ్ళలోపు పిల్లలు మాత్రం అందులో కనపడరంట. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ అనే నకిలీ యూనివర్సిటీ కేసులో 130 మందిని పట్టుకుంటే 129 మంది మన దేశం పిల్లలే, అప్పుడు ఊళ్ళోవాళ్ళు వచ్చి అడగతా ఉంటే ఇదంతా నేర్చుకున్నాడంట.

అసలు సాయం ఆ తర్వాతే. అక్కడి రూల్స్ ప్రకారం లోపలికి తీసుకుపోయిన 12 గంటల్లో ఆరోగ్యం గురించి అడిగి రాసుకోవాల, 14 రోజుల్లోపు పూర్తిగా పరీక్ష చెయ్యాల, ఇది వాళ్ళ బాధ్యత, మీరు బతిమాలుకోబల్లేదు అని అన్న చెప్పినప్పుడు నాకు ఎంత ధైర్యం వచ్చిందో. ఇంకోటి, ఇది సివిల్ కస్టడీ, శిక్ష కాదు, అందుకే గవర్నమెంట్ ఖర్చుతో లాయర్‌ని ఇవ్వరు. 1963 వియన్నా ఒప్పందం ప్రకారం మన కాన్సులేట్ వాళ్ళు పోయి చూడొచ్చు, కానీ వాళ్ళకి చెప్పమని లోపలున్నవాడు కూడా నోరు తెరిచి అడగాల. మేము హ్యూస్టన్ కాన్సులేట్‌కి మెయిల్ పెట్టాం.

మనం ఫోన్ చేస్తే లోపలోళ్ళకి ఇవ్వరు, వాళ్ళే చెయ్యాల. అందుకని అన్న ఒక నోటుబుక్కు పెట్టించాడు, ఫోన్ వచ్చినప్పుడల్లా తేదీ, టైము, షుగర్ ఎంత, ఇన్సులిన్ ఎప్పుడు ఇచ్చారు, తిన్నాడా, డాక్టర్ కోసం సిక్ కాల్ చీటీ రాసిచ్చాడా అన్నీ రాయాల. మూడో ఫోన్‌లో వాడు రాత్రి డోసు ఇవ్వలేదన్నాడు, ఆ తేదీ టైముతో సహా ఇంకో మెయిల్ రాయించి, నెల్లూరు డాక్టరు చేత మందుల చీటీ మళ్ళీ నీటుగా రాయించి జత చేశాం. రెండ్రోజులకి డోసు సరిచేశారు. ఉత్త ఏడుపు మెయిల్ పెట్టుంటే ఎవరు చదువుతారు చెప్పండి.

అన్న లేనిపోని ఆశ పెట్టడు. ఇట్టా లోపల పెట్టడం (డిటెన్షన్) మీద ఫిర్యాదులకి అక్కడ ఆంబుడ్స్‌మన్ ఆఫీసు ఉండాది, కానీ 2025 మార్చిలో దాంట్లో మనుషుల్ని బాగా తీసేశారు, రాద్దాం గానీ దానిమీదే ఆధారపడొద్దు అన్నాడు.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, కూర్చోడానికి చోటు లేదు, పరీక్ష ఫీజుల టైములో పోతే గంటన్నర నిలబడాల, అమ్మలాంటి పెద్దోళ్ళకి కష్టం. రాత్రి 8 తర్వాత పోండి, వేసవి టైములో టెక్సాస్‌లో అప్పుడు పొద్దున తొమ్మిదిన్నర, కాన్సులేట్‌కి ఫోన్ చేసినా ఎత్తే వేళ. పాస్‌పోర్ట్ జెరాక్స్, మందుల చీటీ తీసుకుపోండి.

మా వాడు ఇంకా లోపలే ఉండాడు. నోటుబుక్కులో 41 పేజీలయినాయి. నిన్న అమ్మ తన చేత్తోనే రాసింది, షుగర్ 138, ఇన్సులిన్ టైముకి ఇచ్చారు, అన్నం తిన్నాడంట.