విదేశీ బడితో వీడియో స్నేహం: కొన్నేళ్లు వాడి చూశాక

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఎనిమిదో తరగతికి ఇంగ్లీషు చెబుతాను. విదేశీ బడులతో వీడియోలు ఇచ్చిపుచ్చుకోవడం ఫ్లిప్‌గ్రిడ్‌తో మొదలుపెట్టాం. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆ సాధనాన్ని 2018లో మైక్రోసాఫ్ట్ కొని బడులకు ఉచితం చేసింది. టీచర్ ప్రశ్న పెడితే పిల్లలు చిన్న వీడియోతో జవాబిస్తారు. అవతలి పిల్లలు దానికి మరో వీడియోతో బదులిస్తారు.

ప్రత్యక్షంగా మాట్లాడించడం కంటే ఇదే మేలు. అమెరికా బడి నడిచే వేళ మనకు రాత్రి. పైగా వాళ్ల వేగానికి మా పిల్లలు బిగుసుకుపోయారు. జపాన్ బడి దొరికాక ఆ బెదురు పోయింది. అక్కడా ఇంగ్లీషు నేర్చుకునే భాషే కాబట్టి తడబాటు ఇద్దరిదీ.

జపాన్ పిల్లలు తరగతి గదిని తామే శుభ్రం చేసుకుంటారు. వంగి, తడిగుడ్డను రెండు చేతులతో నేలకు అదిమిపెట్టి ఈ గోడ నుంచి ఆ గోడకు పరుగు. అది చూసి మావాళ్ల మొదటి ప్రశ్న: "ఏం తప్పు చేశారు టీచర్, వీళ్లు?" మన దగ్గర పిల్లల చేత చీపురు పట్టిస్తే మర్నాడు జిల్లా పేజీలో ఫొటో పడుతుంది. ఎవరి పిల్లల చేత పట్టించారన్న ప్రశ్న కూడా దాని వెనకే ఉంటుంది. ఆ పీరియడంతా దాని మీదే వాదన, అదీ తెలుగులో. నేను అడ్డుపడలేదు.

మా మధ్యాహ్న భోజనం చూసి అటువైపు వాళ్లు అడిగింది: వేడన్నం కలిపితే చెయ్యి కాలదా? ఒక అమ్మాయి పళ్లెం అంచు నుంచి కొంచెం కొంచెంగా లాక్కుని ముద్ద చేసి చూపించింది. "మీ సంస్కృతి గురించి చెప్పండి" అంటే మాత్రం పండగ వ్యాసం వల్లిస్తారు. రోజూ చేసే పని అడగాలి.

కొందరు తల్లిదండ్రులు ఆడపిల్లల ముఖాలు కనబడటానికి ఒప్పుకోలేదు. ఆ అమ్మాయిలు చేతులు మాత్రమే కనిపించేలా చుక్కల ముగ్గు వేశారు. అవతలి వాళ్లు దాన్ని కాగితం మీద వేసి పంపితే, మెలిక తప్పిన చోటు చూపిస్తూ వీళ్లు మరో వీడియో తీశారు. అన్నిటికన్నా ఎక్కువ బదులు వచ్చింది దానికే.

2022లో ఫ్లిప్‌గా పేరు మారిన ఆ సాధనం 2024లో విడి సాధనంగా ఆగిపోయి, మైక్రోసాఫ్ట్ వారిదే అయిన టీమ్స్‌లో కలిసింది. ఇప్పుడు ఉమ్మడి డ్రైవ్ ఫోల్డరుతో నెట్టుకొస్తున్నాం. ఎవరికి బదులో ఫైలు పేరులోనే రాయాలి, అదొక చాకిరీ. మొదలుపెట్టే ముందు సెలవులు సరిచూసుకోండి. జపాన్‌లో కొత్త తరగతులు ఏప్రిల్‌లో మొదలవుతాయి, అప్పటికి మనకు పరీక్షలు. వాళ్ల వేసవి సెలవులు ఆగస్టులో. నిలకడగా పని సాగేది సెప్టెంబరు నుంచే.