లైటు వెలుగుతున్నా లైను లేదు: రాస్ప్‌బెర్రీ పై 4తో నాలుగేళ్ళు

మాది పర్లాకిమిడి. బజారు వీధిలో కింద ఫోటో స్టూడియో, పైన ఇల్లు. గిరాకీలో సగం ఒరియావాళ్ళు, సగం మనవాళ్ళు. ముహూర్తాలు మొదలైతే పాతపట్నం, టెక్కలి దాకా కెమెరా సంచి భుజాన వేసుకుని తిరగడమే. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు షాపులోకి నీళ్ళొచ్చి, బల్ల కింద ఉన్న డెస్క్‌టాప్ మునిగిపోయింది. అందులో రెండు పెళ్ళిళ్ళ ఫోటోలు పోయాయి. ఒకరింటివాళ్ళు ఇప్పటికీ ఎదురుపడితే తల తిప్పుకుంటారు.

ఆ దెబ్బతో ఫోటోలన్నీ మేడ మీద ఒకచోట దాచాలని పట్టుదల వచ్చింది. పెద్ద కంప్యూటర్ని రాత్రీ పగలూ నడిపితే కరెంటు బిల్లు కట్టలేం. 2020 నవంబరులో రాస్ప్‌బెర్రీ పై 4 కొన్నాను, 4 జీబీ ర్యామ్ ఉన్నది. పేకముక్కంత బోర్డు, అదే ఒక పూర్తి కంప్యూటర్. లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం మీద నడుస్తుంది. దాని యూఎస్‌బీ 3 పోర్టుకి ఒక హార్డ్‌డిస్కు తగిలించి, ఫైళ్ళు పంచుకునే సాంబా అనే ప్రోగ్రాము పెట్టి, కింద ఉన్న రెండు విండోస్ కంప్యూటర్లకీ ఒక ఫోల్డరులా కనిపించేట్టు చేశాను. రౌటరు కింద స్టూడియోలో, ఇది మేడ మీద బీరువా పక్క అరలో. మధ్యలో మెట్ల వెంబడి పాతిక మీటర్ల వైరు. నా నాలుగేళ్ళ తిప్పలన్నీ ఆ పాతిక మీటర్లలోనూ, దాని అటు చివరా ఇటు చివరా జరిగాయి.

నాకు వైరే ఎందుకంటే, ఒక పెళ్ళికి 60 జీబీ దాకా ఫోటోలు, వీడియో ముక్కలు వస్తాయి. పాత రాస్ప్‌బెర్రీ పై 3లో నెట్‌వర్కు పోర్టు 100 ఎంబీపీఎస్‌కే, అంటే సెకనుకి 100 మెగాబిట్లకే, పరిమితం. తర్వాత వచ్చిన 3బీ ప్లస్‌లో గిగాబిట్ (వెయ్యి ఎంబీపీఎస్) అని ఉన్నా, అది లోపల యూఎస్‌బీ 2 మీదుగా పోతుంది కాబట్టి 300 దగ్గరే ఆగిపోతుంది. పై 4లోనే నిజమైన గిగాబిట్ వచ్చింది. వైరు బాగున్న రోజున నా డిస్కుకి సెకనుకి 100 మెగాబైట్ల దాకా ఎక్కుతుంది. అంటే ఒక పెళ్ళి పది నిమిషాల్లో మేడెక్కేస్తుంది.

రెండో ఏడు ఎండాకాలంలో ఒకరోజు ఆ పది నిమిషాల పని గంటన్నర పట్టింది. కాపీ పెట్టి టీ తాగొచ్చాను, పావు వంతు కూడా కాలేదు. స్పీడు చూస్తే సెకనుకి 11 మెగాబైట్ల దగ్గర కదలకుండా కూర్చుంది. డిస్కు పోయిందనుకుని టెన్షన్ పడ్డాను. అది బాగానే ఉంది. వైరింగ్ చేసిన మేస్త్రీని పిలిస్తే ఆయన పోర్టు దగ్గర మినుకుమంటున్న లైటు చూపించి, "ఏటి బాబూ, దీపం ఎలుగుతుంది కదేటి! వైరు బాగున్నట్టే. నీ డబ్బాలోనే ఏదో ఉంది" అని వెళ్ళిపోయారు. నేనూ నమ్మేశాను. రెండు రోజులు డబ్బా మీదే పడ్డాను. సాంబా సెట్టింగులు తిరగేశాను, మెమరీ కార్డు మార్చాను. అయినా 11 దగ్గరే.

మూడో రోజు టెర్మినల్లో, అంటే ఆదేశాలు టైపు చేసే తెర మీద, ఈథ్‌టూల్ అని కొట్టి, పక్కన ఈథ్0 అని పోర్టు పేరిచ్చాను. ఈ చిన్న ప్రోగ్రాము మొదటి రోజే నడిపి ఉంటే రెండు రోజులు మిగిలేవి. స్పీడ్ అన్న వరసలో 1000 ఉండాల్సిన చోట 100 ఉంది. కింద లింక్ డిటెక్టెడ్, ఎస్ అని, అంటే వైరు కలిసే ఉందని ఉంది. లైటు అబద్ధం చెప్పలేదు, సగమే చెప్పింది. 100 ఎంబీపీఎస్ అంటే, ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి, లెక్కకి సెకనుకి పన్నెండున్నర మెగాబైట్లు, దారి ఖర్చులు పోను చేతికొచ్చేది 11 చిల్లర. నా అంకె సరిగ్గా అదే.

బోర్డుని ఊడదీసి కిందికి తెచ్చి, ఒక మీటరు వైరుతో నేరుగా రౌటరుకి పెట్టి మళ్ళీ అడిగాను. వెయ్యి చూపించింది. ఇంకేముంది, దొంగ మెట్ల దగ్గర దొరికిపోయాడు.

నెట్‌వర్కు వైరు చివర ఉండే ప్లాస్టిక్ ప్లగ్గు అద్దంలా ఉంటుంది, లోపలివి కనిపిస్తాయి. దాన్ని స్టూడియోలో సాఫ్ట్‌బాక్స్ లైటు ముందు పట్టుకుని, పాత ఫిల్ములు చూసే భూతద్దం పెట్టి చూశాను. ఎనిమిది తీగలు వరసగా ఉండాలి: తెలుపు నారింజ, నారింజ, తెలుపు ఆకుపచ్చ, నీలం, తెలుపు నీలం, ఆకుపచ్చ, తెలుపు గోధుమ, గోధుమ. ఏడు తీగలు ప్లగ్గు ముక్కుదాకా వెళ్ళి గోడకి ఆనుకున్నాయి. ఏడో నంబరుది, తెలుపు గోధుమ రంగుది, నువ్వుగింజంత దూరంలో ఆగిపోయింది. పైన ఉన్న ఇత్తడి రంగు పన్ను దాన్ని గుచ్చుకోకుండా గాల్లో ఉంది. వైరు పైతొడుగు కూడా ప్లగ్గు లోపలికి దూరలేదు, బయటే తేలిపోయింది. మా అమ్మాయి మెట్ల మీద ఆడుకుంటూ ఆ వైరుని ఎప్పుడు లాగినా ఆ బరువంతా సన్నటి తీగల మీదే పడేది. మొదట్లో ఎలాగో అంటుకుని ఉన్నది లాగగా లాగగా వెనక్కి జరిగింది.

ఒక్క తీగ పోతే మొత్తం ఆగిపోవాలి కదా అని నాకూ అనుమానం వచ్చింది. 100 ఎంబీపీఎస్‌కి 1, 2, 3, 6 నంబరు తీగలు చాలు. గిగాబిట్‌కి నాలుగు జతలూ, అంటే ఎనిమిదీ కావాలి. ఏడోది తెగితే అటూ ఇటూ పోర్టులు మాట్లాడుకుని 100కి దిగిపోతాయి. మనకి లైటు వెలుగుతూనే ఉంటుంది, వీడియోలు వస్తూనే ఉంటాయి, పెళ్ళి ఫోటోలు ఎక్కించేవాడికి తప్ప ఎవరికీ తెలియదు. తీగలకి ప్లగ్గు నొక్కి బిగించే క్రింపింగ్ టూలూ, డజను ప్లగ్గులూ తెచ్చుకుని ఆ చివర కోసి నేనే మళ్ళీ వేశాను. మొదటి రెండు ప్లగ్గులు పాడుచేశాను. మూడోదానికి వెయ్యి వచ్చింది.

(వైరు, ప్లగ్గు, లైను అని రాస్తున్నందుకు ఎవరైనా మొహం చిట్లిస్తే, ఇది గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరండీ. నోటితో అనే మాట రాయకపోతే ఈ ఊరికే మర్యాద కాదు.)

ఇంకో బాధ ఇంతకన్నా దొంగది. ఈ బోర్డులో వై-ఫై కూడా ఉంది, కొన్న కొత్తలో అదీ కలిపి ఉంచాను. ఒక వానాకాలం ఉరుములూ మెరుపులూ వచ్చిన రాత్రి రౌటరులో ఒక పోర్టు మాడిపోయింది. అదృష్టంకొద్దీ బోర్డు పోర్టు బతికింది. కానీ ఆ సంగతి నాకు రెండు వారాల దాకా తెలియలేదు. వైరు పోగానే ఇది చడీచప్పుడూ లేకుండా వై-ఫై మీదికి మారిపోయింది. ఫోల్డరు తెరుచుకుంటోంది, కాపీ మాత్రం ఒకసారి పరుగు, ఒకసారి నడక. చివరికి ఐపీ లింక్ అని కొడితే ఈథ్0 పక్కన నో-క్యారియర్ అని కనిపించింది. అంటే ఆ పోర్టుకి అవతల ఎవరూ లేరని అర్థం. వైరుని రౌటరులో పక్క పోర్టుకి మార్చగానే లేచి కూర్చుంది. ఆరోజే వై-ఫై ఆపేశాను. వైరు మీద నడిచే పెట్టెలో వై-ఫై ఉంచితే జబ్బు దాగిపోతుంది, తగ్గదు. ఇప్పుడు పిడుగుల రాత్రి పడుకునే ముందు రెండు చివరలూ పీకేస్తున్నాను. మా ఆవిడ నవ్వుతుంది, నవ్వనీ.

కరెంటు సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. మొదటి ఏడాది దీన్ని పాత ఫోను ఛార్జరుతో నడిపాను, కక్కుర్తి. పెద్ద కాపీ మధ్యలో ఫోల్డరు మాయమయ్యేది, నేను నెట్‌వర్కుని తిట్టుకునేవాణ్ణి. నిజానికి వోల్టేజి చాలక డిస్కు ఊడిపోతోంది. వీసీజెన్‌కమాండ్ అనే దానితో గెట్ థ్రాటిల్డ్ అని అడిగితే 0ఎక్స్50005 అని వచ్చింది. అక్కడ సున్నా తప్ప ఏమొచ్చినా ఒకసారి అనుమానించాలి. ఈ అంకెకి అర్థం, ఇప్పుడూ వోల్టేజి తక్కువే, ఇంతకుముందూ తక్కువైంది అని. దీనికి 5 వోల్టులు, 3 ఆంపియర్ల అడాప్టరు కావాలి. అది తెచ్చి పెట్టాక మళ్ళీ ఆ గొడవ లేదు. మా ఊళ్ళో సాయంత్రం కరెంటు పోతూ వస్తూ ఉంటుంది కాబట్టి రౌటరునీ దీన్నీ ఒకే చిన్న యూపీఎస్ మీద పెట్టాను.

సాఫ్ట్‌వేరు వైపు నన్ను ఏడిపించింది ఒక్కటే, అదీ నా పాత అలవాటు వల్లే. 2023 అక్టోబరులో దీని ఆపరేటింగ్ సిస్టం బుక్‌వార్మ్ అనే కొత్త రూపంలో వచ్చింది. కొత్త కార్డు మీద శుభ్రంగా ఎక్కించి, నా నోటు పుస్తకంలో రాసుకున్నట్టే, పాత సిస్టంలో నెట్‌వర్కు అడ్రసులు చూసుకునే డీహెచ్‌సీపీసీడీ ఫైల్లో స్థిరమైన అడ్రసు 192.168.1.20 అని రాసి రీబూట్ చేశాను. కింద కంప్యూటర్లలో ఫోల్డరు లేదు. మళ్ళీ రాశాను. మళ్ళీ లేదు. ఒక మధ్యాహ్నం అంతా ఆ ఫైల్లో చుక్కలూ కామాలూ వెతికాను. తీరా చూస్తే కొత్త సిస్టం ఆ ఫైలుని తెరిచి కూడా చూడదు. ఆ పనంతా నెట్‌వర్క్‌మేనేజర్ అనే ప్రోగ్రాము చేతికి ఇచ్చేశారు. ఇల్లు ఖాళీ చేసి వెళ్ళినవాళ్ళ తలుపుకి ఉత్తరాలు అంటించినట్టయింది నా పని. ఎన్ఎమ్‌టీయూఐ అని కొడితే నీలం తెర మీద మెనూ వస్తుంది, అందులో వైర్డ్ కనెక్షన్ 1 ఎంచుకుని అడ్రసు ఇస్తే సరిపోయింది. నిజం చెప్పాలంటే పాతదానికన్నా ఇదే సుఖం. పాత పద్ధతిలో రౌటరు నుంచి అడ్రసు రాకపోతే 169.254తో మొదలయ్యే అంకె కనిపించేది, చూడగానే పట్టేసేవాణ్ణి. కొత్తదాంట్లో మామూలుగా ఆ గుర్తు ఉండదు, అసలు అంకే కనిపించదు.

ఆ స్థిరమైన అడ్రసు కూడా ఆర్నెల్లే నిలిచింది. నెట్ కనెక్షన్ కుర్రాడు వచ్చి, "అన్నా, కంపెనీవాళ్ళు కొత్త రౌటరు పంపారు" అని పాతది తీసేసి కొత్తది పెట్టాడు. పాతది 192.168.1 వరసలో ఇచ్చేది, కొత్తది 192.168.0 వరసలో ఇస్తోంది. నా పెట్టె పాత వీధిలోనే కూర్చుని ఎదురుచూస్తోంది. లైటు వెలుగుతోంది, ఈథ్‌టూల్ వెయ్యి చూపిస్తోంది, రౌటరుకి పింగ్ (ఉన్నావా అనే పలకరింపు) మాత్రం పోవడం లేదు. ఈసారి పది నిమిషాల్లో పట్టేశాను. అప్పటి నుంచి బోర్డులో అడ్రసు రాయడం మానేసి, రౌటరులోనే దీని మ్యాక్ నంబరుకి, అంటే పోర్టుకి పుట్టుకతో వచ్చే గుర్తు నంబరుకి, ఫలానా అడ్రసు ఇమ్మని కేటాయించాను. మళ్ళీ రౌటరు మారితే ఫోల్డరు దారి మార్చుకోవాల్సి రావచ్చు గానీ, కనీసం పెట్టె దొరుకుతుంది.

ప్రకటనలు ఆపడానికి ఇందులోనే పై-హోల్ అనే ప్రోగ్రాము కూడా పెట్టాను. హాయిగా ఉంటుంది, కాకపోతే ఇంటిల్లిపాదికీ సైట్ల పేర్లకి అంకెల చిరునామాలు చెప్పేది ఇదే అవుతుంది. నేను రీబూట్ చేసిన ప్రతిసారీ వంటింట్లోంచి "ఏవండీ, నెట్ పోయింది" అని కేక. గూగుల్ సర్వరు అంకె 8.8.8.8కి పింగ్ పోతూ, సైటుని పేరుతో పిలిస్తే పలక్కపోతే లైను బాగున్నట్టే, పై-హోల్ నిద్రపోతున్నట్టు.

కొనాలనుకునేవాళ్ళకి నా మాట: ఫోటోలు దాచే పనికి ఈ బోర్డు నాకు పూర్తిగా సరిపోయింది. ఇన్నేళ్ళలో దాని నెట్‌వర్కు పోర్టు తప్పు ఒక్కసారీ లేదు. ఎండాకాలం వేడెక్కుతుంది, గాలాడే చోట పెట్టండి. టెర్మినల్ అంటే భయపడేవాళ్ళకి మాత్రం నేను చెప్పను. ఏదైనా ఆగినప్పుడు ఇది తనంతట తాను ఏమీ చెప్పదు, మనమే అడగాలి. 2023లో వచ్చిన పై 5 చూశాను. వేగం ఎక్కువే, కానీ దానికి 5 ఆంపియర్ల అడాప్టరు చెబుతున్నారు, నెట్‌వర్కు పోర్టు మళ్ళీ గిగాబిటే. నా పెళ్ళి ఫోటోలు ఇంతకన్నా తొందరగా మేడెక్కవు. అందుకని ఆ డబ్బులో కొంత పెట్టి అసలు రాగి ఉన్న క్యాట్ 6 వైరు 30 మీటర్లు తెచ్చి, మెట్ల వెంబడి పైపులో దూర్చి వేయించాను. మేస్త్రీ గారు ఈసారి పని అయ్యాక లైటు చూపించలేదు. "ఆ అంకె ఎంతొచ్చిందో చూడు బాబూ" అన్నారు.