108 కిలోలతో పరుగు మొదలుపెట్టాను: 'కౌచ్ టు 5కె' ప్లాన్ గురించి రెండున్నరేళ్ళ తర్వాత

తొమ్మిది వారాల ప్లాన్ నాకు 23 వారాలు పట్టింది. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నెట్‌లో ఎవరిని చూసినా తొమ్మిది వారాల్లో ఐదు కిలోమీటర్లు పరిగెత్తేశాం అని ఫొటో పెడతారు, ఆ ఫొటోలో మనిషేమో మొదలుపెట్టిన రోజునే 75 కిలోలు ఉండి ఉంటాడు. నేను 108. ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు, వయసు అప్పటికి 39, ఉద్యోగం కుర్చీలో, బీపీకి రోజుకో మాత్ర. ఇప్పుడు 97 కిలోలు, మాత్ర ఇంకా వేసుకుంటున్నాను, వారానికి మూడు రోజులు విశాఖ బీచ్ రోడ్డు మీద అరగంటకి తగ్గకుండా పరిగెడుతున్నాను. ఈ ప్లాన్ మంచిదా అంటే మంచిదే. మనలాంటి బరువు వాళ్ళకి ఉన్నది ఉన్నట్టు పనికొస్తుందా అంటే మాత్రం రాదు.

తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కలు. 'కౌచ్ టు 5కె' అంటే సోఫా మీద నుంచి లేచి 5 కిలోమీటర్ల పరుగు దాకా అని. జాష్ క్లార్క్ అనే అమెరికన్ 1996లో దీన్ని తయారుచేశాడు, యాభై దాటిన వాళ్ళమ్మని మనసులో పెట్టుకుని. వారానికి మూడు రోజులే, మధ్యలో కనీసం ఒక రోజు విశ్రాంతి. మొదటి వారం ఐదు నిమిషాలు చురుగ్గా నడిచాక, 60 సెకన్లు పరుగు, 90 సెకన్లు నడక, ఇలా మార్చి మార్చి 20 నిమిషాలు. అక్కడి నుంచి పరుగు పెరుగుతూ, నడక తగ్గుతూ తొమ్మిదో వారానికి ఆగకుండా అరగంట. నేను వాడింది ఒక ఉచిత యాప్, చెవిలో "ఇప్పుడు పరిగెత్తు, ఇప్పుడు నడువు" అని చెబుతుంది, అంతకుమించి దానికేం తెలియదు. చేతికి గడియారం ఉంటే యాప్ కూడా అక్కర్లేదు.

60 సెకన్లే కదా అనుకున్నాను. మూడోసారికే కాళీ గుడి ఎదురుగా గోడ పట్టుకుని నిలబడిపోయాను. కళ్ళు బైర్లు కమ్మాయి, ఇంటికెళ్ళి ఎవరితోనూ చెప్పలేదు. తప్పు ఎక్కడుందో తెలియడానికి రెండు వారాలు పట్టింది: పరుగు అంటే చిన్నప్పుడు బడిలో వంద మీటర్ల పందెంలో పరిగెత్తినట్టే అనుకుంటున్నాను, ఆ బొమ్మే మన బుర్రలో ఉంటుంది. బరువున్న మనిషి పరుగు అది కాదు. నడక కంటే పిసరంత వేగం, అడుగులు చిన్నవి, పాదం మన కిందే పడాలి కానీ ముందుకి చాచి పడకూడదు, పక్కన మనిషి ఉంటే ఒక పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. నేనైతే బయటికే లెక్కపెట్టుకునేవాణ్ణి, పది దాకా తెరిపి లేకుండా అనలేకపోతే వేగం ఎక్కువైనట్టు. ఈ వేగంలో ఒక పెద్దాయన చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తూ నన్ను దాటుకుని వెళ్ళిపోయారు, వెళ్తూ వెళ్తూ "బాగుందండీ, కానివ్వండి" అన్నారు కూడా. సిగ్గేసింది కానీ ఆ రోజే మొదటిసారి 20 నిమిషాలూ పూర్తిచేశాను.

మొదటి వారాన్ని మూడు వారాలు చేశాను. రెండోది రెండు వారాలు. ఇక్కడే ప్లాన్‌తో నాకు పేచీ. అందులో వారం అంటే వారమే, ఏడు రోజులు కాగానే యాప్ తర్వాతి మెట్టు ఎక్కమంటుంది, కానీ మన ఊపిరి ఒక వేగంతో మెరుగవుతుంది, ఎముకలూ కండరాలూ వాటి అతుకులూ ఇంకా నెమ్మదైన వేగంతో గట్టిపడతాయి, పరుగులో ప్రతి అడుగుకీ ఒంటి బరువుకి రెండు మూడు రెట్లు కాలి మీద పడుతుంది కాబట్టి 108 కిలోల వాడి లెక్క 70 కిలోల వాడి లెక్కతో కలవదు. నాకు ఈ సంగతి ప్లాన్‌లోని నాలుగో వారంలో తెలిసింది. ఊపిరి బాగా అందుతోంది కదా అని ఉత్సాహం వచ్చి వారంలో నాలుగు రోజులు, అందులో రెండు వరసగా, పరిగెత్తాను. మోకాలి కింద ముందు ఎముక పొడవునా లోపలి వైపు నొప్పి మొదలైంది, వేలితో నొక్కితే ప్రాణం పోయేది, మెట్లు దిగడానికి గోడ పట్టుకోవాలి. షిన్ స్ప్లింట్స్ అంటారట. ఫిజియో దగ్గరికెళ్తే మూడు వారాలు పరుగు బంద్ చేయించి, నడక ఒక్కటి ఉంచి, మెట్టు అంచున నిలబడి మడమలు ఎత్తి దించడం రోజూ మూడు విడతలు చేయమన్నారు. ఆ మడమల పని ఇప్పటికీ మానలేదు, పళ్ళు తోముకుంటూ చేసేస్తాను. మొదటి రోజు నుంచే చేసి ఉంటే ఆ మూడు వారాలు మిగిలేవని నా అనుమానం.

నొప్పికి సగం కారణం బూట్లు. షాపులో కుర్రాడు రన్నింగ్ షూ అని తేలికగా, అడుగు పల్చగా ఉన్నది చూపించాడు, రంగు బాగుందని నేనూ తీసుకున్నాను. మనకి కావలసింది అడుగు దట్టంగా, వెడల్పుగా, మడమ దగ్గర ఊగకుండా ఉండేది. సాయంత్రం వెళ్ళి కొనండి, పొద్దుటి కంటే పాదాలు అప్పుడు కాస్త ఉబ్బి ఉంటాయి, బొటనవేలి ముందు ఒక వేలు మందం ఖాళీ చూసుకోండి, పరిగెత్తే సాక్సులే వేసుకుని చూడండి. బూటు 500 నుంచి 800 కిలోమీటర్లు వస్తుందని మామూలుగా అంటారు, నాకైతే 450 దాటగానే లోపలి ఫోమ్ అణిగిపోయి మోకాళ్ళు చెబుతాయి, పైకి చూస్తే మాత్రం కొత్తదానిలాగే ఉంటుంది. ఇది ఖర్చే, దాచడం ఎందుకు.

ఇక ఎవరూ చెప్పని సంగతి, తొడలు. కాటన్ నిక్కరుతో బీచ్ రోడ్డు మీద, మే నెలలో, చెమటతో... ఇంటికొచ్చి స్నానానికి నీళ్ళు పోసుకోగానే వీధి చివరిదాకా వినపడేలా అరిచాను. మా అమ్మ పరిగెత్తుకొచ్చి "ఏమైందిరా, పడ్డావా?" అని తలుపు బాదింది, ఏం చెప్పాలి? తొడలు ఒరుసుకుని తోలు లేచిపోయింది. రెండు రోజులు లుంగీలో, కాళ్ళు ఎడం చేసి నడిచాను. అప్పటి నుంచి లోపల తొడలు కప్పేంత పొడవున్న బిగుతు షార్ట్, దాని కింద పెట్రోలియం జెల్లీ, పైన మామూలు నిక్కరు. కొబ్బరి నూనె కూడా పనిచేస్తుంది కానీ పావుగంటకే చెమటతో పోతుంది. చంకల దగ్గరా ఇదే కథ. బనీను కాటన్‌ది వద్దు, తడిసి బరువెక్కి ఒరుసుకుంటుంది, ఎక్కడెక్కడ ఒరుసుకుంటుందో మగవాళ్ళు తెల్ల బనీను మీద రెండు ఎర్ర చుక్కలు చూసుకున్న రోజున తెలుసుకుంటారు.

మా ఊరి ఉక్క గురించి ఒక మాట. పొద్దున్న ఐదున్నరకే గాలిలో ఉప్పునీళ్ళు ఉన్నట్టుంటుంది, చెమట పడుతుంది కానీ ఆరదు, ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు, అందుకే చలికాలంలో హాయిగా చేసిన వారం ఏప్రిల్‌లో చేయలేకపోయాను. మొదట అది నా చేతకానితనం అనుకున్నాను. కాదు, వాతావరణం. వేసవిలో వేగం లెక్క పక్కన పెట్టేసి నిమిషాలు మాత్రమే చూసుకుంటాను, ముందు ఒక గ్లాసు నీళ్ళు, వచ్చాక ఉప్పేసిన మజ్జిగ. ఇసుకలో పరిగెత్తితే మోకాళ్ళకి మంచిదని ఎవరో చెబితే ఒకరోజు దిగాను, సముద్రం వైపు వాలుగా ఉంటుంది కాబట్టి ఒక కాలు పైన ఒక కాలు కింద, చీలమండ పట్టేసి వారం పోయింది. తారు రోడ్డే మేలు. కోస్టల్ బ్యాటరీ నుంచి పార్క్ హోటల్ వైపు పొద్దున్నే బండ్లు ఆపేస్తారు కాబట్టి మనకి రోడ్డు దొరుకుతుంది, ఇది లేని ఊళ్ళ వాళ్ళు కాలేజీ గ్రౌండ్ చూసుకోవడం మంచిది. కుక్కలు వెంటపడితే పరుగు ఆపి నడవండి, వాటితో పోటీ పెట్టుకోకండి. నేను పెట్టుకున్నాను, నా జీవితంలో అత్యధిక వేగం అదే.

ఐదో వారం మూడో రోజు గురించి చెప్పకుండా ఉండలేను. ఆ వారం మొదటి రోజు ఐదైదు నిమిషాలు మూడుసార్లు, రెండో రోజు ఎనిమిదేసి నిమిషాలు రెండుసార్లు, మూడో రోజు ఉన్నట్టుండి ఆగకుండా 20 నిమిషాలు! ప్లాన్ చూసిన ప్రతివాడికీ అక్కడే టెన్షన్. నేను నెల రోజులు దాటవేశాను, మధ్యలో సొంతంగా పది నిమిషాలు, పన్నెండు, పదిహేను అని మెట్లు కట్టుకున్నాను. చివరికి ఒక ఆదివారం, బీచ్ రోడ్డులో మ్యూజియంగా పెట్టిన కురుసుర సబ్‌మెరీన్ దగ్గర మొదలెట్టి, ఎంత దూరం వచ్చానో చూసుకోకుండా, అలా పోతూనే ఉన్నాను. చెవిలో 20 నిమిషాలు అయ్యాయని చెప్పినప్పుడు ఆగాలనిపించలేదు. ఇంకో నిమిషం పరిగెత్తాను. టీ బండి దగ్గర ఎప్పుడూ ఉండే అతను "ఏటి సార్, ఇయ్యాల ఆగకుండా ఎలిపోనారు" అన్నాడు. ఇంట్లో ఎవరికీ అర్థం కాని విషయం అతనికి అర్థమైంది.

పేరులో ఇంకో మోసం ఉంది, చిన్నదే. తొమ్మిదో వారం అయితే 5 కిలోమీటర్లు వచ్చేస్తాయనుకుంటారు. వచ్చేది 30 నిమిషాల పరుగు. 30 నిమిషాల్లో 5 కిలోమీటర్లంటే కిలోమీటరుకి ఆరు నిమిషాలు, మన బరువుకి అది చాలా వేగం. నేను అరగంటలో వెళ్ళింది మూడున్నర. ఐదు పూర్తిచేయడానికి ఇంకో రెండు నెలలు పట్టింది, 44 నిమిషాలు. ఇప్పుడు 38. నేవీ మారథాన్‌లో 5కె ఒకసారి పరిగెత్తాను, వెనకాల ఇంకా చాలామంది ఉన్నారు, నమ్మండి.

బరువు సంగతికొస్తే, మొదటి 23 వారాల్లో తగ్గింది మూడు కిలోలు. అంతే. మూడు కిలోమీటర్లు పరిగెత్తితే ఖర్చయ్యేది సుమారు 300 కేలరీలు, వస్తూ దారిలో నెయ్యి కారం దోసె తింటే చెల్లుకి చెల్లు, నేను చాలా నెలలు తిన్నాను కూడా. మిగతా ఎనిమిది కిలోలు రాత్రి అన్నం తగ్గించి, ఆఫీసులో నాలుగు టీల్లో చక్కెర మానేశాక పోయాయి. కాబట్టి సన్నబడడానికే పరుగు అయితే మూడో నెలలో మానేస్తారు. నాకు మానకుండా ఉండటానికి కారణమైనవి వేరే: పడుకున్నప్పుడు గుండె నిమిషానికి 86 సార్లు కొట్టుకునేది 66కి వచ్చింది, సింహాచలం మెట్లు మధ్యలో ఒకేసారి ఆగి ఎక్కాను, రాత్రి గురక తగ్గిందని మా ఆవిడ సాక్ష్యం.

మోకాళ్ళు అరిగిపోతాయని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. నా మోకాళ్ళు ఇంతవరకు బాగానే ఉన్నాయి, ఒంట్లో అన్నిటికంటే తక్కువ ఫిర్యాదు చేసినవి అవే. కానీ ముందే మోకాలి నొప్పి ఉన్నవాళ్ళు, సుగర్, బీపీ, గుండె మందులు వాడేవాళ్ళు డాక్టరుకి చూపించుకోకుండా మొదలుపెట్టవద్దు, నేను ఈసీజీ తీయించుకునే దిగాను. 130 కిలోలు దాటినవాళ్ళయితే నా ఉద్దేశం, ముందు మూడు నెలలు రోజూ 40 నిమిషాలు నడిచి, అప్పుడు ఈ ప్లాన్ ముట్టుకోవాలి. ఐదుకి నాలుగు మార్కులు వేస్తాను. ఆ ఒక్కటి తగ్గించింది వారాల లెక్కకి.

మా ఆవిడ గత నెల మొదలుపెట్టింది. మొదటి వారం రెండోసారి చేస్తోంది. పక్కన పరిగెడితే సలహాలు చెబుతున్నానని, నన్ను కాళీ గుడి వైపు పొమ్మని తను సబ్‌మెరీన్ వైపు పోతోంది.