బోర్డు మీటింగ్‌లో మూల కుర్చీ: సీఎస్ ట్రైనింగ్ మీద నా రివ్యూ

సీఎస్, అంటే కంపెనీ సెక్రటరీ కోర్సులో, ఎగ్జిక్యూటివ్ దశ రెండు గ్రూపులూ గట్టెక్కి, ఇప్పుడు ఆ 21 నెలల ట్రైనింగ్ ఎక్కడ చెయ్యాలా అని రెజ్యూమెలు పంపుకుంటూ కూర్చున్న వాళ్ల కోసం రాస్తున్నా. మనవాళ్లు ట్రైనింగ్ గురించి అడిగేవి నాలుగే, స్టైపెండ్ ఎంత, శనివారం రావాలా, ప్రొఫెషనల్ (చివరి దశ) పరీక్షలకి లీవ్ ఇస్తారా, మెట్రోకి దగ్గరేనా. నేను కూడా అవే అడిగి చేరా అనుకోండి. కానీ అక్కడ నాకు నిజంగా పనికొచ్చింది ఆ నాలుగింట్లో ఏదీ కాదు, బోర్డు మీటింగ్‌లో ఒక మూలన కుర్చీ వేసి "నోరు మూసుకుని చూడండి" అని కూర్చోబెట్టడం.

ఆఫీస్ పేరు రాయను. అమీర్‌పేట వైపు ఒక ప్రాక్టీసింగ్ కంపెనీ సెక్రటరీ ఆఫీసు, ఒక మేడమ్, ఇద్దరు సీనియర్లు, ముగ్గురం ట్రైనీలం, బీరువాల నిండా మినిట్స్ (మీటింగ్‌లో ఏం జరిగిందో రాసే రికార్డు) బైండర్లు. క్లయింట్లలో ఎక్కువ ప్రైవేట్ లిమిటెడ్లు, కొన్ని అన్‌లిస్టెడ్ (షేర్లు స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో లేని) పబ్లిక్ కంపెనీలు, లిస్టెడ్ ఒకటో రెండో. మేడమ్ ముందే ఛైర్మన్‌ని అడిగి, మాతో కాన్ఫిడెన్షియాలిటీ లెటర్ మీద సంతకం పెట్టించుకుని, మీటింగ్‌కి తీసుకెళ్లేవారు. మినిట్స్‌లో ఇన్వైటీల లిస్టులో మన పేరు కూడా పడుతుంది, మొదటిసారి చూసుకున్నప్పుడు అదో చిన్న ఆనందం.

అసలు మీటింగ్ చూస్తే టీమ్‌వర్క్ ఎలా వస్తుంది అని మీకు డౌట్ రావచ్చు, మా నాన్నకీ వచ్చింది, "వాళ్లు మాట్లాడుకుంటుంటే నువ్వు చూసి ఏం నేర్చుకుంటావురా" అన్నారు. మీటింగ్ రోజు రెండు గంటలే, దానికి ముందు వారం పదిరోజులు, తర్వాత నెల రోజులు ఉంటుంది చూడండి, టీమ్ అనేది అక్కడ తయారవుతుంది. ఆ రెండు గంటలు చూడకపోతే మిగతాదంతా ఎందుకు చేస్తున్నామో అర్థం కాదు, అంతే తేడా.

ముందు భాగం చెప్తా. కంపెనీస్ యాక్ట్ 2013 సెక్షన్ 173 ప్రకారం మామూలుగా ఏడాదికి కనీసం నాలుగు బోర్డు మీటింగ్‌లు, రెండింటి మధ్య 120 రోజులకి మించి గ్యాప్ ఉండకూడదు, నోటీసు కనీసం 7 రోజుల ముందు వెళ్లాలి. ఇది పరీక్షకి బట్టీ కొట్టినప్పుడు ఒక్క లైను. ఆఫీసులో మాత్రం ఆ 7 రోజులంటే ఏంటో తెలుస్తుంది. ఎస్‌ఎస్-1 అని బోర్డు మీటింగ్‌లు ఎలా జరపాలో చెప్పే సెక్రటేరియల్ స్టాండర్డ్ ఉంది కదా, దాని ప్రకారం అజెండా, నోట్స్ కూడా 7 రోజుల ముందే పంపాలి, పంపాలంటే అకౌంట్స్ వాళ్లు నంబర్లు ఇవ్వాలి, వాళ్లు ఇవ్వాలంటే ఆడిటర్ క్వెరీలు క్లియర్ అవ్వాలి, ఆడిటర్ దగ్గర ఆర్టికల్స్ (సీఏ ట్రైనింగ్) చేసే పిల్లాడేమో ఫోన్ ఎత్తడు. ఒకరి చేతిలో పని ఆగితే మిగతా అందరి పనీ ఆగుతుంది. మా ముగ్గురిలో ఒకమ్మాయి వరంగల్ నుంచి వచ్చింది, ఆమెకి ఒక కళ ఉంది, అకౌంట్స్ మేనేజర్‌కి ఫోన్ చేసి "సార్ షెడ్యూల్ పంపలేదు" అనేది కాదు, "సార్, మీ దగ్గర రెడీగా ఉన్నంత వరకు పంపండి, మిగతాది ఖాళీ వదిలి మేం నోట్ మొదలుపెడతాం" అనేది. పది నిమిషాల్లో మెయిల్ వచ్చేది. నేను అదే మనిషికి రిమైండర్ మీద రిమైండర్ పెట్టినా ఉలుకూ పలుకూ ఉండేది కాదు. అప్పట్నుంచి ఫోన్లన్నీ ఆమె, డ్రాఫ్టింగ్ నేను, మూడో అతను చెకింగ్, ఎవరూ చెప్పకుండానే పనులు అలా సర్దుకున్నాయి.

ఇక మీటింగ్ లోపల. మొదటి రెండు మీటింగ్‌లు బోర్ కొడతాయి, ముందే చెప్తున్నా. గత మీటింగ్ మినిట్స్ నోట్ చేశారు, డైరెక్టర్ల డిస్‌క్లోజర్లు నోట్ చేశారు, ఏసీ చల్లగా ఉంటుంది, నిద్రొస్తుంది. తర్వాత తర్వాత చెవికి అలవాటవుతుంది. ఒక కంపెనీలో ఛైర్మన్ గారు, పెద్దాయన, ప్రతి ఐటెమ్ మీదా ముందు తన అభిప్రాయం చెప్పేవారు కాదు, అందరికంటే తక్కువ మాట్లాడే డైరెక్టర్ వైపు తిరిగి "మీరేమంటారమ్మా" అని మొదలుపెట్టేవారు, ఎండీ మాట చివర్లో. ఇంకో కంపెనీలో సరిగ్గా రివర్స్, ప్రమోటర్ గారు, అంటే కంపెనీ పెట్టినాయన, మొదటి నిమిషంలోనే "ఇది చేసేద్దాం, ఓకే కదా" అంటారు, మిగతా వాళ్లు తలూపుతారు, మీటింగ్ అరగంటలో ఖతం, బిర్యానీ. రెండూ పక్కపక్కన చూస్తే ఇక ఎవరూ క్లాస్ పీకక్కర్లేదు.

తలూపే బోర్డుల సంగతి హైదరాబాద్ వాళ్లకి కొత్త కాదు లెండి. 2008 డిసెంబర్ 16న సత్యం కంప్యూటర్స్ బోర్డు, ప్రమోటర్ కుటుంబానికే చెందిన రెండు మేటాస్ కంపెనీల్ని దాదాపు 160 కోట్ల డాలర్లకి కొనడానికి ఒప్పుకుంది. ఇన్వెస్టర్లు గగ్గోలు పెడితే గంటల్లోనే వెనక్కి తీసుకున్నారు, 2009 జనవరి 7న లెక్కల్లో మోసం చేశానని ఛైర్మన్ రామలింగరాజు ఒప్పుకున్న లెటర్ బయటికొచ్చింది, మిగతా కథ అందరికీ తెలిసిందే. ఆ బోర్డులో కూర్చున్న వాళ్లు చిన్నాచితకా మనుషులు కాదు, బాగా చదువుకున్నవాళ్లు, పేరున్నవాళ్లు. మేడమ్ కొత్త ట్రైనీలకి చెప్పే మొదటి కేసు ఇదే. అందరూ ఒకే మాట మీద ఉంటే దాన్ని టీమ్‌వర్క్ అని మనం మురిసిపోతాం కదా, ఆవిడ అస్సలు ఒప్పుకోరు, "నో అన్నవాడు ఒక్కడైనా ఉన్నాడా, ఉంటే పేరు రాశారా" అని అడుగుతారు. ఎస్‌ఎస్-1 ప్రకారం ఎవరైనా డైరెక్టర్ వ్యతిరేకిస్తే ఆ సంగతి పేరుతో సహా మినిట్స్‌లోకి ఎక్కాలి.

నేను చూసిన వాటిలో బాగా గుర్తుండిపోయింది ఒక లీజు ఐటెమ్. అన్‌లిస్టెడ్ పబ్లిక్ కంపెనీ, ఎండీ గారి తమ్ముడి కంపెనీకి చెందిన గోడౌన్ అద్దెకి తీసుకోవాలి, ఆ తమ్ముడు కూడా ఇక్కడ డైరెక్టరే. ఆ డీల్‌లో ఇంట్రెస్ట్, అంటే సొంత ప్రయోజనం, ఉన్న డైరెక్టర్ ఆ చర్చలో ఉండకూడదు, కోరంలో (మీటింగ్ చెల్లాలంటే ఉండాల్సిన కనీస సంఖ్యలో) లెక్కకి రాడు. మొత్తం ఐదుగురు డైరెక్టర్లు, కోరం అంటే మూడో వంతు లేదా ఇద్దరు, ఏది ఎక్కువైతే అది, కాబట్టి ఇద్దరు చాలు. కానీ ఆ రోజు గదిలో ఉన్నది ముగ్గురు, అందులో అన్నదమ్ములిద్దరూ లేచి బయటికెళ్తే మిగిలేది ఒక్కరే, ఒక్కరితో మీటింగ్ ఏంటి. మేడమ్ ఈ లెక్క ముందు రోజే వేసి బెంగళూరులో ఉన్న నాలుగో ఆయన్ని వీడియోలో ఉండమని ఒప్పించి పెట్టారు. ఎండీ గారు ఎవరూ అడగకముందే లేచి "మేమిద్దరం బయట టీ తాగుతాం, మీరు కానివ్వండి" అన్నారు. రిటైర్డ్ బ్యాంకర్ ఒకావిడ ఇండిపెండెంట్ డైరెక్టర్, పక్క గోడౌన్ల అద్దె ఎంతో కాగితం చూపించమన్నారు, కాగితం రాకపోయేసరికి ఐటెమ్ తర్వాతి మీటింగ్‌కి వాయిదా. ఎండీ లోపలికొచ్చి విని "మంచిది మేడమ్, తెప్పిస్తాం" అన్నారు, ముఖం ఏం మాడ్చుకోలేదు. కార్లో తిరిగొస్తూ మేం ముగ్గురం ఇదే మాట్లాడుకున్నాం, ఆవిడ నో చెప్పిన తీరు గురించి, "మీ తమ్ముడికి లాభం కోసమా" అన్న మాట నోట్లోంచి రాకుండా "కాగితం ఉంటే ఇప్పుడే చేసేద్దాం" అన్నారు కదా అని.

వీడియో మీటింగ్‌లు వేరే సరదా. రూల్ ప్రకారం మొదట్లో రోల్ కాల్ ఉంటుంది, ప్రతి డైరెక్టరూ తన పేరు, ఎక్కడ్నుంచి మాట్లాడుతున్నారు, తన దగ్గర ఇంకెవరూ వినడం లేదు అని చెప్పాలి. ఒకాయన ఎంతో గంభీరంగా "నో వన్ ఎల్స్ ఈజ్ ప్రెజెంట్" అంటుండగానే వెనకనుంచి "తాతా ఫోన్ ఇవ్వు" అని వినిపించింది. ఛైర్మన్ నవ్వకుండా ఆపుకుని, మనవణ్ణి బయటికి పంపేదాకా ఆగారు.

ఇప్పుడు అసలు సరుకు, మినిట్స్. ఈ ట్రైనింగ్‌కి డబ్బులు ఎదురు కట్టమన్నా దీని కోసం కట్టొచ్చు. మా ఆఫీసులో పద్ధతి ఏంటంటే మీటింగ్‌లో ముగ్గురు ట్రైనీలూ విడివిడిగా నోట్స్ రాసుకోవాలి, తిరిగొచ్చాక ఒకరిది ఒకరికి చూపించకుండా డ్రాఫ్ట్ చెయ్యాలి, ఆ తర్వాతే టేబుల్ మీద పక్కపక్కన పెట్టాలి. ఒకసారి ఒక లోన్ ఐటెమ్ మీద నేను "ఆమోదించారు" అని రాశా, వరంగల్ అమ్మాయి "సూత్రప్రాయంగా ఒప్పుకున్నారు, టర్మ్స్ మళ్లీ చూపించమన్నారు" అని రాసింది, మూడో అతను "చర్చించారు, నోట్ చేసుకున్నారు" అన్నాడు. ఒకే గది, ఒకే మాటలు, మూడు నిర్ణయాలు! నీది తప్పంటే నీది తప్పు అని గంటసేపు కొట్టుకున్నాం. మేడమ్ వచ్చి ఎవరిది కరెక్టో చెప్పలేదు, "మీకు ఏమనిపించిందో వద్దు, ఎవరు ఏ మాట అన్నారో చెప్పండి" అన్నారు. ఒక్కో మాట పేర్చుకుంటూ పోతే సీఎఫ్‌ఓ (కంపెనీ ఫైనాన్స్ హెడ్) చివర్లో అన్న ఒక వాక్యం ఇద్దరం వదిలేశామని, మూడో అతను రాసుకున్నాడని తేలింది. అంటే ముగ్గురి నోట్స్ కలిస్తేనే ఒక మీటింగ్ అయింది.

డ్రాఫ్ట్ 15 రోజుల్లో డైరెక్టర్లకి వెళ్లాలి, వాళ్లు 7 రోజుల్లో కామెంట్స్ చెప్పాలి, 30 రోజుల్లోపు బుక్‌లోకి ఎక్కాలి, ఎక్కాక ఇష్టమొచ్చినట్టు మార్చడానికి లేదు. కాబట్టి మనం రాసిన ఒక్కో మాటా పెద్దవాళ్లు చదువుతారు. ఫలానా ఆయన గొంతు పెంచారు అని రాయం, చర్చ తర్వాత బోర్డు ఇలా నిర్ణయించింది అని రాస్తాం. ఈ అలవాటు ఇంటిదాకా వచ్చేసింది, మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగ్‌లో ట్యాంకర్ డబ్బుల గొడవని నేను నాలుగు లైన్లలో రాసి వాట్సాప్‌లో పెడితే తిట్టుకున్న రెండు బ్లాకుల వాళ్లూ థంబ్స్ అప్ పెట్టారు.

మైనస్‌లు లేవా అంటే ఉన్నాయి. స్టైపెండ్ హాస్టల్‌కీ బస్ పాస్‌కీ సరి, ఇంటి నుంచి తెప్పించుకోకుండా గడవదు. సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా ఏజీఎంలు (షేర్‌హోల్డర్ల వార్షిక మీటింగ్‌లు), ఫైలింగ్‌ల సీజన్, అప్పుడు నేర్పించడాలేం ఉండవు, ఫారాలు నింపుతూనే రాత్రవుతుంది. లిస్టెడ్ క్లయింట్ రిజల్ట్స్ మీటింగ్ అయితే మమ్మల్ని గది బయటే కూర్చోబెట్టారు, పైగా ఫైలు ముట్టుకున్న ప్రతివాడి పేరు, పాన్ ఇన్‌సైడర్ ట్రేడింగ్ (లోపలి సమాచారంతో షేర్లు కొనడం, అమ్మడం) రూల్స్ కోసం పెట్టే డేటాబేస్‌లోకి ఎక్కుతుంది, ఆ షేరు జోలికి పోకూడదు. ఇక అన్నిటికంటే పెద్ద మైనస్, ఈ ఫీల్డ్‌లో ఉన్నవాళ్లందరికీ తెలిసీ ఎవరూ పైకి అననిది, మొగుడూపెళ్లాం ఇద్దరే డైరెక్టర్లుగా ఉన్న చాలా చిన్న కంపెనీల్లో బోర్డు మీటింగ్ కాగితం మీదే జరుగుతుంది. పాత మినిట్స్‌లో తేదీ మార్చి సంతకానికి పంపుతారు. అలాంటి క్లయింట్లే ఉన్న ఆఫీసులో చేరితే 21 నెలలు కాపీ పేస్ట్ తప్ప ఏమీ చూడరు.

ఇది కాకుండా హైటెక్ సిటీ వైపు హోటల్లో రెండ్రోజుల మాక్ బోర్డ్‌రూమ్ వర్క్‌షాప్ ఒకటి కూడా చేశా, ఫ్రెండ్ బలవంతం మీద. రోల్ కార్డులిస్తారు, ఒకరు ఛైర్మన్, ఒకరు సీఎఫ్‌ఓ, ఒకరు వినని షేర్‌హోల్డర్. భోజనం బాగుంది, ఫీజు వేలల్లో ఉంది. కానీ అందరూ మాట్లాడ్డానికే వచ్చారు, వినేవాడు ఒక్కడూ లేడు, సర్టిఫికెట్ ఫొటోతో అయిపోయింది. మైక్ భయం ఉన్నవాళ్లకి ఓకే, టీమ్‌లో పనిచెయ్యడం నేర్చుకుందామంటే మాత్రం దండగ.

సీఎస్ చదవనివాళ్లు బోర్డు మీటింగ్ లోపలికి వెళ్లడం కష్టమే. స్టార్టప్‌లలో ఫండ్ వాళ్ల తరఫున బోర్డ్ అబ్జర్వర్ అని ఒకరు కూర్చుంటారు, ఓటు ఉండదు, కోరంలో లెక్కకి రారు, ఇన్వెస్ట్‌మెంట్ సైడ్ ఉద్యోగం ఉంటే ఆ కుర్చీ అడగండి. లేదంటే ఏదైనా లిస్టెడ్ కంపెనీ షేరు ఒక్కటి కొనుక్కుంటే ఏజీఎంకి వెళ్లొచ్చు, చాలావరకు వీడియోలోనే అవుతున్నాయి. అది బోర్డు మీటింగ్ కాదు, సగం పొగడ్తలే ఉంటాయి, అయినా ఒక ఇబ్బంది ప్రశ్న పడ్డప్పుడు ఛైర్మన్, ఎండీ, సీఎఫ్‌ఓ ఒకరికొకరు ఎలా అందించుకుంటారో గమనిస్తే టైమ్‌పాస్‌కి టైమ్‌పాస్, చదువుకి చదువు.

నా రేటింగ్ ఐదుకి నాలుగు, పోయిన ఒకటి స్టైపెండ్‌కి. మీరు ఇంటర్వ్యూకి వెళ్తే స్టైపెండ్ తర్వాత ఇంకో మూడు అడగండి: క్లయింట్లలో ముగ్గురి కంటే ఎక్కువ డైరెక్టర్లున్న కంపెనీలు ఎన్ని, ట్రైనీల్ని మీటింగ్‌లోకి తీసుకెళ్తారా, మినిట్స్ మొదటి డ్రాఫ్ట్ ఎవరు రాస్తారు. మూడోదానికి "టెంప్లేట్ ఉంది కదా" అని సమాధానం వస్తే ఇచ్చిన కాఫీ తాగేసి ఇంకో ఆఫీస్ చూసుకోండి.